బడికి పెద్ద తెర వచ్చింది, మన పిల్లల మాట ఎప్పుడొస్తుంది?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి భూమి గురించి, పోడు పట్టాల గురించి మాట్లాడుకున్నాం. నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువంటే పెద్ద అడవి, అంతా తిరగలేం. అందుకని ఒక్క వస్తువు గురించే మాట్లాడతాను. మన బడి గోడకు బిగించిన ఆ పెద్ద తెర గురించి. సార్లు దాన్ని ఐఎఫ్‌పీ అంటారు, పిల్లలు పెద్ద టీవీ అంటారు.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మాస్టారు బోర్డు మీద ‘ఏరు’ అని రాసి, బొమ్మ వెయ్యమన్నారు. నేను బిందె వేసి దాని నిండా నీళ్లు గీశాను. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే సగం పలకల మీద బిందెలూ కుండలే ఉన్నాయి. మన కోయలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాస్టారు మంచివారే, ఎవర్నీ కొట్టలేదు. అన్ని పలకల మీదా తప్పు పెట్టి, వాగు బొమ్మ వేసి చూపించారు. బిందెలు ఎందుకు వేశారర్రా అని మాత్రం అడగలేదు. అడిగినా మాకు చెప్పడం వచ్చేది కాదు. ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం ఒకటే. తెలియనప్పుడు నోరు మూసుకుంటే తప్పు పడదు. పదో తరగతి దాకా అలాగే నెట్టుకొచ్చాను.

మన పిల్లల గురించి బయటివాళ్లు మెచ్చుకుంటూ ఒక మాట అంటారు. ‘ఏజెన్సీ పిల్లలు చాలా సైలెంట్ అండీ, అల్లరి చెయ్యరు’ అని. అది మెచ్చుకోలు కాదు. ఇంటి దగ్గర చెట్టెక్కి, వాగు దూకి, గంటల తరబడి కబుర్లు చెప్పే పిల్ల బడి గుమ్మం దాటగానే మూగబోతోందంటే, అక్కడ ఏదో తప్పు జరుగుతున్నట్టే లెక్క.

ఇప్పుడు తెర దగ్గరికి వస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు పనులు చేసిన బడుల్లో 2023లో ఆరో తరగతి నుంచి పైకి ఈ ఐఎఫ్‌పీలు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు పెట్టారు. తెలంగాణలోనూ మన ఊరు–మన బడి కింద హైస్కూళ్లకు డిజిటల్ బోర్డులు వచ్చాయి. పట్నం పిల్లలకున్నది మన పిల్లలకూ ఉండాల్సిందే. దాన్ని వద్దనేవాళ్లలో నేను లేను.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఒక బడికి సాయంగా వెళ్లాను. ఆరో తరగతిలో తెర ఉంది. ఒకరోజు సైన్సు సారు కిరణజన్య సంయోగక్రియ వీడియో పెట్టారు. పచ్చటి ఆకు, సూర్యుడు, రంగు రంగుల బాణాలు. పిల్లలు సినిమా చూసినట్టు కళ్లప్పగించి చూశారు. వీడియో అయిపోయింది. ‘ఏం అర్థమైంది?’ అన్నారు సారు. ఒక్కరూ పలకలేదు. సారు నా వైపు చూశారు. ఆయన బద్ధకస్తుడు కాదు. రెండు సబ్జెక్టులు చెప్పాలి, ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి, భోజనం చూసుకోవాలి. తెర ఎలా ఆన్ చెయ్యాలో ఆయనకు చూపించారుగానీ, దానితో పాఠం ఎలా నడపాలో ఎవరూ కూర్చుని చెప్పలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి ఒక పని చేశాం. నా ఫోన్లో ఊరి చుట్టూ ఉన్న ఆకుల ఫొటోలు తీశాను. తునికాకు, అడ్డాకు, ఇప్పాకు, మద్దాకు. వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసి తెర మీద పెట్టాం. పిల్లల్ని ఒక్కొక్కళ్లనే పిలిచి, ముందు కోయలో దాని పేరు చెప్పమన్నాం. చెప్పింది తెలుగు అక్షరాల్లో వేలితో తెర మీద రాయమన్నాం. పక్కన తెలుగు పేరు సారు రాశారు. నాలుగో ఆకు వచ్చేసరికి ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది, తెర దగ్గర తోపులాట.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పాప లేచింది. బడి తెరిచిన నాటి నుంచి సారు ఆ పాప గొంతు వినలేదట. కోయలో అడిగింది, నేను సారుకి తెలుగులో చెప్పాను. ‘ఎండాకాలం మేం తునికాకు అంతా కోసేస్తాం కదా, మరి చెట్టుకి తిండెట్లా?’

చూడండి, కిరణజన్య సంయోగక్రియ అంటే అదే ప్రశ్న. ఆకు చెట్టుకి వంటిల్లు. వంటిల్లు ఎత్తుకుపోతే ఇల్లెట్లా బతుకుతుంది? సారు వెంటనే జవాబు చెప్పలేదు, నిన్నటి వీడియోనే మళ్లీ పెట్టారు. ఈసారి మధ్యలో నాలుగుసార్లు ఆపారు. ఆకు ఏం తీసుకుంటోంది? ఏం తయారు చేస్తోంది? అది ఎక్కడికి పోతోంది? వేళ్లలో, కాండంలో దాచుకున్న తిండితోనే చెట్టు మళ్లీ చిగురిస్తుందని పిల్లలే తేల్చారు. అన్ని ఆకులూ ఒక్కసారే కొయ్యకూడదని మా అవ్వ ఎందుకంటుందో ఇప్పుడు తెలిసిందన్నాడు ఒక పిల్లాడు.

తెరా అదే, వీడియో అదే. మొదటి రోజు అది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. రెండో రోజు ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు చెప్పింది. వేలు పెడితే కదిలే తెర కాబట్టి పాఠం కదలదు. పిల్ల నోరు కదిలితేనే పాఠం కదులుతుంది. నేను ఇవాళ చెప్పదలుచుకున్న మాట ఇదొక్కటే.

ఇక పని మాటలు. ఇక్కడ టీచర్లున్నారు, డీఎడ్, బీఎడ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు.

ఒకటి. వీడియో చివరిదాకా ఆడించొద్దు. రెండు నిమిషాలకోసారి ఆపి, ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి. జవాబు ఏ భాషలో వచ్చినా తీసుకోండి.

రెండు. మన దగ్గర కరెంటును నమ్మలేం. శబరి పొంగితే రోజుల తరబడి లైను ఉండదు, సిగ్నల్ ఉండదు. దీక్షా యాప్ 2017 నుంచి ఉంది. అందులో పాఠాలు సిగ్నల్ ఉన్న చోట దించుకుంటే తర్వాత నెట్ లేకుండా నడుస్తాయి. ఫెట్ అని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఉచిత ప్రయోగాలున్నాయి. బ్యాటరీ, తీగ, బల్బు తెర మీద కలిపి చూడొచ్చు. వాటినీ ముందే దించుకోవచ్చు. ల్యాబ్ లేని బడికి అది పెద్ద ఆసరా.

మూడు. అందరి జవాబూ ఒకేసారి చూడండి. ప్రశ్న, నాలుగు జవాబులు తెర మీద పెట్టి, పిల్లలకు ఎ, బి, సి, డి అని రాసిన అట్టముక్కలు ఇవ్వండి. ఒక్కసారే పైకెత్తమనండి. సిగ్గుపడే పిల్ల కూడా అట్ట ఎత్తుతుంది. ఎంతమందికి అర్థం కాలేదో టీచరుకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. దీనికి ట్యాబులు అక్కర్లేదు.

నాలుగు. ఏకోపాధ్యాయ బడిలో టీవీ ఇంకోలా పనికొస్తుంది. మూడు, నాలుగు తరగతుల వాళ్లు తెర మీద లెక్కల ఆట చేస్తుంటే, టీచరు ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని అక్షరం దిద్దించొచ్చు. కానీ జాగ్రత్త. టీవీ ఉంది కదా, ఇంకో టీచరు ఎందుకని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోవద్దు. తెర టీచరుకు తోడు, టీచరుకు బదులు కాదు.

అసలు ముడి ఇక్కడే ఉంది. ఆ రోజు ఆ పాప ప్రశ్న సారుకు చేరింది ఎందుకంటే మధ్యలో కోయ తెలిసిన నేనున్నాను. నేను లేని రోజు? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల గొడవగా మాట్లాడాం, అదీ నిజమే. కానీ అది ఆ పాప గొంతు గొడవ కూడా. ఆమె ప్రశ్న అర్థమయ్యే మనిషి క్లాసులో ఉంటాడా లేడా అన్న గొడవ.

పిల్లల మాతృభాషలో వీలైనంతవరకు బోధించాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. 2004లోనే ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. మనవాళ్లే కూర్చుని, తెలుగు లిపిలో ఆ వాచకాలు రాశారు. తెర గోడకెక్కింది, ఆ వాచకాలు మాత్రం దాని మీదికి ఎక్కలేదు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే మన భాషకు తెర మీద చోటు లేదనే సాకు ఇక చెల్లదు.

అందుకని ప్రభుత్వాన్ని నాలుగు అడుగుదాం. ప్రతి బడి తెరలో ఆ ప్రాంతపు ఆదివాసీ భాష పాఠాలు ఉండాలి. టీచర్లకు ఆన్, ఆఫ్ కాదు, పాఠం నడిపే శిక్షణ ఇవ్వాలి. చిన్న తరగతులకు మన భాష తెలిసిన మనిషిని పెట్టాలి, తెర ఉన్న బడికి సోలార్ ఇవ్వాలి.

మనం చేయాల్సిందీ ఉంది. మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మీ అవ్వ దగ్గర కూర్చోండి. చెట్ల పేర్లు, చేపల పేర్లు, విత్తనాల పేర్లు, ఒక చిన్న కథ ఆమె గొంతులోనే రికార్డు చెయ్యండి. ఫొటో జత చేసి, పెన్‌డ్రైవ్‌లో మీ ఊరి బడికి ఇవ్వండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. వచ్చే మీటింగ్‌కి మీ అమ్మతో కలిసి వెళ్లండి. తెర మీద గుడ్డ కప్పి ఉంటే, ఎందుకు కప్పారని మర్యాదగా అడగండి.

నా పలక మీద మాస్టారు పెట్టిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. రేపు ఏ పిల్లయినా ఆ పెద్ద తెర మీద వేలితో బిందె గీస్తే, తప్పు అనే ముందు, ‘ఇది మీ మాటలో ఏంటమ్మా?’ అని అడిగే బడి కావాలి. ఆ పిల్ల ‘ఏర్’ అనాలి. క్లాసంతా వినాలి. ఆ తర్వాత వాగు గురించి నేర్పితే ఆ పిల్లకు రెండు మాటలూ మిగులుతాయి.