ఒకరి తోడు

మాస్టారి స్మారక సభ కోసం హాస్టళ్ల నుంచి వచ్చి వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కూర్చోవచ్చు. ముందు వరస ఎవరి కోసమూ ఆపలేదు. మొదట వచ్చినవారు వెనక కూర్చున్నారు, తర్వాత వచ్చినవారు వాళ్లను చూసి వెనకే సర్దుకున్నారు. నేను నోరు విప్పకముందే నా ఉపన్యాసం మొదలైందన్నమాట.

పట్నంలో ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదని ఊళ్లో అనుకుంటాం. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగేవాళ్లలో చాలామందిది అదే ఆశ. విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా జిల్లాల వాళ్లు, సాగర్ రోడ్డు మీద దేవరకొండ, మాచర్ల వాళ్లు. బ్యాగు భుజాన వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోకి నడిస్తే కరెంటు స్తంభానికొక టులెట్ కాగితం. ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పకముందే ప్రశ్న వస్తుంది. ఈ ప్రాంతపు ఓనరైతే "మీరేమోళ్లు?" అంటారు. కృష్ణ దాటి వచ్చి స్థిరపడ్డవారైతే "మీరేవిట్లు?" అంటారు. రాష్ట్రం విడిపోయింది గాని ఈ ప్రశ్న విడిపోలేదు. మరీ మర్యాదస్తులు ఇంటిపేరు అడుగుతారు, నాన్నగారు ఏం చేస్తారని అడుగుతారు, చివరికి "నాన్‌వెజ్ తినేవాళ్లకు ఇవ్వమండీ" అని ఫోన్ పెట్టేస్తారు. ఈ సభలో టులెట్ కాగితాలు అంటించినవారూ ఉన్నారు, ఆ నంబర్లకు ఫోన్ చేసినవారూ ఉన్నారు. ఇద్దరికీ నేను చెప్పేది కొత్త కాదు.

ఇల్లు దొరకడం కోసం కొందరు ఇంటిపేరు మింగేస్తారు. కొందరు కూర వండిన రోజు కిటికీలు మూసుకుంటారు. "నువ్వు నీలా ఉండు" అని సలహా ఇచ్చే పెద్దలు ఈ ఫోన్లు ఎన్నడూ చేసి ఉండరు. లోకానికి తలొగ్గడం పిరికితనమని తేలిగ్గా అనేస్తాం. తలొగ్గకపోతే బంధువుల పెళ్లిలో నాలుగు మాటలు పడేవాడూ, తలొగ్గకపోతే రాత్రికి పడుకునే చోటు లేనివాడూ ఒక్కటి కాదు.

హాస్టల్ గదిలో పద్ధతి మెత్తగా ఉంటుంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు, నవ్వుతారంతే. "ఏడికి పోతున్నవ్?" అన్న అచ్చంపేట కుర్రాడు నెల తిరక్కుండా "ఎక్కడికెళ్తున్నావ్?" అంటాడు. శ్రీకాకుళం అమ్మాయి తన "ఏటి"ని ఇంటికి ఫోన్ చేసే వేళకు దాచుకుంటుంది. ఇందులో నాకు తప్పు కనబడదు. ఇంట్లో ఒకలా, బజారులో ఒకలా మాట్లాడని తెలుగువాణ్ణి నేను చూడలేదు. అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా గదిలోవాళ్లు వింటారని గొంతు మార్చేవాణ్ణి చూస్తేనే బాధ.

నలుగురి ముందు మనిషి ఎలా మారతాడో చూడడానికి 1950ల మొదట్లో అమెరికాలో సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. కొందరిని కూర్చోబెట్టి ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. కళ్లున్నవాళ్లు పొరబడే ప్రశ్న కాదు. కానీ ఒక్కడు తప్ప మిగిలినవాళ్లంతా యాష్ మనుషులే. ముందే అనుకున్న ప్రకారం చాలాసార్లు అంతా కలిసి తప్పు గీతనే చూపించారు. అలాంటప్పుడు ఒంటరిగా మిగిలినవాళ్లు ఇచ్చిన జవాబుల్లో మూడోవంతుకు పైగా గుంపు చెప్పిన తప్పులే. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. దీని తర్వాతి భాగాన్ని ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం. గుంపులో ఒక్కరిచేత నిజం చెప్పించి చూశాడు యాష్. తప్పులు అంతకుముందున్న వాటిలో నాలుగోవంతుకు పడిపోయాయి. ఆ తోడు మధ్యలో ప్లేటు ఫిరాయించి గుంపులో కలిస్తే మళ్లీ మొదటికొచ్చాయి. అదే, పని ఉందని చెప్పి లేచి వెళ్లిపోతే, తప్పులు పెరిగినా అంతగా పెరగలేదు. మనిషి లేచి వెళ్లాక కూడా తోడు కొంత మిగిలింది. స్మారక సభలో చెప్పుకోదగ్గ ఫలితం.

గీతల మీద ప్రయోగం జీవితానికంతా చాలదు, నిజమే. అయినా నలుగురిలో కలవడం ఒకవైపు, తనలా తాను ఉండడం ఇంకోవైపు అని మనం పెట్టుకున్న లెక్కను అది చెరిపేస్తుంది. ఒక్కరన్నా తోడుంటేనే మనిషి తనలా ఉండగలిగేది. అచ్చంపేట కుర్రాడికి కావలసింది ధైర్యం మీద ఉపన్యాసం కాదు, అదే గదిలో "ఏడికి" అనే ఇంకొకడు. ఆ ఇంకొకడే పదిమందితో కలిసి నవ్వాడా, ఆ నవ్వు అందరి నవ్వు కన్నా లోతుకు దిగుతుంది.

తెలంగాణ యాస సినిమాల్లో ఏళ్ల తరబడి రౌడీలకో హాస్యగాళ్లకో దక్కింది. 2017లో 'ఫిదా' కథానాయిక అదే యాసలో మాట్లాడింది. 2023లో 'బలగం'లో ఊరు ఊరంతా మాట్లాడింది. నటీనటులకు హఠాత్తుగా ధైర్యం రాలేదు. మధ్యలో వచ్చిన తెలంగాణ ఉద్యమం లక్షలమందిని ఒకరికొకరిని తోడు చేసింది. 2009 నవంబరు 29న ఆ ఉద్యమంలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నది ఈ ఎల్బీనగర్‌లోనే. ఆ మరణాన్ని నా వాదానికి సాక్ష్యంగా వాడుకోవడం నాకిష్టం లేదు. తలచుకుని ముందుకు పోతాను.

ఎవరు ఎక్కడివారన్నది తేల్చడానికి సర్కారుకు వేరే కొలత ఉంది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం బయటినుంచి వచ్చినవాడు ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవడానికి పదిహేనేళ్ల నివాసం కావాల్సి వచ్చేది. 1952లో విద్యార్థులు "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్నది ఆ నిబంధన అమలు కావడం లేదనే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత ఏడో తరగతి లోపు నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికత. ఇంటర్‌కు వచ్చి ఇరవై ఏళ్లుగా సరూర్‌నగర్‌లో ఉంటున్నవాడు కాగితం మీద ఇప్పటికీ దేవరకొండవాడే. ఉద్యోగాలు పంచాలంటే ఎక్కడో గీత గీయాల్సిందే. అసలు హైదరాబాదీ ఎవరో ఆ గీతతో కొలుస్తామంటేనే పేచీ. పాతవాళ్లే అసలువాళ్లనుకుంటే, ఈ చుట్టుపక్కల దొరికిన పాత రాత, చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఉన్న విష్ణుకుండి గోవిందవర్మ కాలపు శాసనం, ప్రాకృతంలో ఉంది. అది బౌద్ధ విహారానికి సంబంధించింది. అంటే ఇక్కడి పాత కాపులు ఇల్లు వదిలి వచ్చిన భిక్షువులు!

తోడు దొరికే ప్రతి చోటూ మంచిదని మాత్రం అనను. కార్తీకం వస్తే హయత్‌నగర్ దాటాక తోటల్లో కుల సంఘాల వనభోజనాలు. అక్కడ యాసను చూసి ఎవరూ నవ్వరు, మింగేసిన ఇంటిపేర్లు మైకులో మోగుతాయి. హాస్టల్ కుర్రాడికి అంత ఆదరణ ఏడాదంతా దొరకదు, ఎందుకు వెళ్లావని నేనడగను. కానీ ఆ ఇంటి ఆడపిల్ల వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే, ఉసిరిచెట్టు కింద పక్క విస్తట్లో తిన్నవాళ్లే మొదట దూరం జరుగుతారు. ప్లేటు ఫిరాయించిన తోడంటే ఇదే. టులెట్ ఫోన్లో వినబడే ప్రశ్నకు సాధన జరిగేది కూడా ఈ చెట్ల కిందే.

స్మారక నిధి కమిటీ వారికి ఒక విన్నపం. మాస్టారి పేరున ఏటా ఇచ్చే వ్యాసరచన బహుమతి నిబంధనల్లో "శిష్ట వ్యావహారికంలో రాయవలెను" అని ఒక వాక్యం ఉంది. వచ్చే ఏడు అది తీసేయండి. అచ్చంపేట వాణ్ణి అచ్చంపేటలా, ఇచ్ఛాపురం అమ్మాయిని ఇచ్ఛాపురంలా రాయనివ్వండి. దిద్దడానికైతే నన్ను పిలవొద్దు. చదవడానికి పిలిస్తే వస్తాను.