తెలుపు ఎంత తెలుపు? – రంగుల కొలతలో కచ్చితత్వం



షోలాపూరు తెలుగువారికి నూలూ, రంగూ కొత్తవి కావు. చద్దరు నేసినా, టవలు నేసినా, చివరకు కొనేవాడు మొదట చూసేది రంగునే. ఆ రంగును కంటితో కాక అంకెలతో కొలిచేటప్పుడు ఎక్కడెక్కడ పొరపాటు దొర్లుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవచ్చునో ఈనాటి ప్రసంగంలో మీతో ముచ్చటిస్తాను.

కొంతకాలం క్రితం నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఒక రంగుల కార్ఖానాలో రంగు కొలిచే యంత్రం దగ్గర అతని పని. ముదురు నీలం టవళ్ళ లాటు ఒకటి తిరిగి వచ్చిందట. "సార్, నమూనాకూ లాటుకూ అంకె సరిపోయిందని యంత్రమే చెప్పింది. పక్కపక్కన పెడితే మాత్రం మన టవలు వెలిసినట్టుంది. తప్పు నాదేనని జీతంలో కోత పెడతామంటున్నారు" అన్నాడు. చేత్తో అద్దకం చేసిన వాళ్ళ నాయన అయితే, "కంటిని నమ్మక డబ్బాను నమ్మితివి" అని తిట్టాడట.

కన్ను గొప్పదా, డబ్బా గొప్పదా అన్నది అసలు ప్రశ్న కాదు. డబ్బా ఏం చేస్తోందో మనకు తెలుసా అన్నదే ప్రశ్న.

వస్తువు మీద పడిన వెలుతురులో ఎంత భాగం తిరిగి వస్తుందో అదే దాని పరావర్తన శాతం. మరాఠీ తరగతిలోనూ, తెలుగు తరగతిలోనూ నేను చెప్పే మాట ఒకటే: పరావర్తనం. యంత్రం ఈ శాతాన్ని ఊదా నుంచి ఎరుపు వరకు, అంటే సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు, ఒక్కొక్క తరంగదైర్ఘ్యం దగ్గర కొలుస్తుంది. అయితే దానికి స్వతహాగా శాతం తెలియదు. ఒక తెల్లని పలకను చూపి "ఇది ఇంత" అని మనమే చెప్పాలి. వెలుతురు లేని నల్లని గూటిని చూపి "ఇది సున్నా" అని కూడా మనమే చెప్పాలి. ఈ రెండు మాటల్లో ఏది అబద్ధమైనా, ఆ తరువాతి అంకెలన్నీ అబద్ధాలే.

మొదట తెలుపు సంగతి. పూర్వం మెగ్నీషియం కాల్చిన పొగను పలక మీద పట్టి ప్రమాణంగా వాడేవారు. అది పాతబడితే పసుపెక్కేది. అందుకే 1969 నుంచి అంతర్జాతీయంగా ఏ పదార్థాన్నీ కాక, పడిన వెలుతురునంతా అన్ని వైపులకూ సమానంగా తిప్పి పంపే ఊహాత్మక తెలుపునే నూరు శాతంగా తీసుకుంటున్నారు. మన చేతిలోని పలక నూరు కాదు. దాని అసలు విలువ దానితో వచ్చిన పత్రంలో ఉంటుంది. పలక మీద వేలిముద్ర పడినా, నూలు దుమ్ము పేరుకున్నా ఆ పత్రం చెల్లదు.

ఇక సున్నా సంగతి. లోపలి అద్దాల మీద దుమ్ము ఉంటే అది వెలుతురును చెదరగొడుతుంది. గుడ్డ నుంచి రాని వెలుతురు కూడా లెక్కలో కలుస్తుంది. ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసుకోండి. తెల్లపలకకు యంత్రం 1020 చూపింది. నల్లగూటికి 20 చూపింది. నీలం గుడ్డకు 60 చూపింది. పలక విలువను సులువు కోసం నూరనుకుందాం. నల్లగూటి 20ని తీసివేయకపోతే 60ని 1020తో భాగించాలి, సుమారు 5.9 శాతం వస్తుంది. రెండింటిలోంచీ తీసివేస్తే 40ని 1000తో భాగించాలి, సరిగ్గా 4 శాతం వస్తుంది.

రెండు శాతం కూడా తేడా లేదు కదా అనిపించవచ్చు. ఇక్కడే మోసం. 1931లో కుబెల్కా, మంక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సూత్రం ఆధారంగానే పరావర్తన శాతం నుంచి రంగు మోతాదును అంచనా కడతారు. ఆ సూత్రంలో 4 శాతానికి సుమారు 11.5 వస్తే, 5.9 శాతానికి 7.5 మాత్రమే వస్తుంది. అంటే రంగు మూడో వంతు తక్కువ పడుతుంది! లేత రంగుల్లో కనిపించని తప్పు ముదురు రంగుల్లో కొంప ముంచుతుంది.

నా విద్యార్థితో, "ఆ నమూనా గుడ్డనే ఇవాళ మళ్ళీ కొలిచి చూడు" అన్నాను. కొలిచాడు. దాచిపెట్టిన పాత అంకె కంటే బాగా తక్కువ వచ్చింది. నమూనా కొలిచిన రోజున సున్నా సరిచూడలేదు. ఆ తరువాత ఎవరో లోపల శుభ్రం చేశారు. తప్పుడు అంకెకు తగ్గట్టు రంగు వేశారు, శుభ్రమైన యంత్రంతో లాటును కొలిచారు. రెండు అంకెలూ సరిపోయాయి, రెండు గుడ్డలూ సరిపోలేదు!

గుడ్డ వల్ల వచ్చే తప్పులు కూడా ఉన్నాయి. తడి గుడ్డ ముదురుగా కనిపిస్తుంది. ఆరబెట్టే యంత్రం నుంచి తీసిన వేడి గుడ్డ రంగు కొంత మారి ఉంటుంది. కాబట్టి చల్లారి, గది గాలికి అలవాటు పడ్డాకే కొలవండి. పలుచని గుడ్డ ఒక్క పొర పెడితే వెనకనున్న వస్తువు రంగు కూడా కలుస్తుంది. వెలుతురు అవతలికి పోనంతవరకు మడత వేయండి. టవలుకు కుచ్చు ఉంటుంది కనుక ఒక్కచోట కొలిచి వదలకండి. గుడ్డను తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి సరాసరి తీయండి. ప్రతిసారీ ఒకే ఒత్తిడితో పట్టండి. తెల్లబట్టలకు వేసే మెరుపు మందు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుతురుగా వదులుతుంది. అలాంటి బట్టకు నీలం దగ్గర నూరు దాటిన అంకె వస్తే ఆశ్చర్యపోకండి. దీపం మారితే ఆ అంకె కూడా మారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒక నోటుపుస్తకం. తెలుపు, సున్నా ఎప్పుడు సరిచూశారో తేదీతో రాయండి. రంగు మారని గట్టి పలక ఒకటి దాచుకుని రోజూ కొలవండి. దాని అంకె కదిలిందంటే యంత్రం కదిలినట్టే.

నా విద్యార్థి ఈ లెక్కనంతా కాగితం మీద రాసి యజమాని ముందు పెట్టాడు. జీతంలో కోత ఆగింది. వెలిసిన లాటుకు మళ్ళీ రంగు ఎక్కించి పంపారు. వాళ్ళ నాయన మాత్రం, "నా కన్ను ముందే చెప్పింది కదరా" అంటూనే ఉన్నాడట. ఆయన మాట కూడా నిజమే. అంకె, కన్ను రెండూ తగువు పడినప్పుడు దేన్నీ కొట్టివేయకండి. ముందు తెలుపును తుడవండి, సున్నాను చూడండి, మళ్ళీ కొలవండి.