ఒకే చేతిలో రెండు శాఖలు
(అనంతపురంలో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నంద్యాల ఎన్.ఎం.డి. ఫరూఖ్ గారి రాజకీయ జీవితాన్ని గురించి మాట్లాడమని నన్ను కోరారు. ప్రశంసలకు నాకంటే సమర్థులైన వక్తలు ఈ వేదికపై ఉన్నారు. ప్రభుత్వ గుమాస్తాగా జీవితం గడిపిన వాణ్ణి నేను. నాకు తెలిసినవి తేదీలు, దస్త్రాలు. వాటితోనే మొదలుపెడతాను.

1985లో తెలుగుదేశం అభ్యర్థిగా నంద్యాల నుండి శాసనసభకు ఎన్నికయ్యారు, తర్వాత ఉపసభాపతిగానూ పనిచేశారు. 1994లోనూ, 1999లోనూ మళ్ళీ గెలిచారు, మంత్రిగానూ పనిచేశారు. 2004 నుండి ఇరవై ఏళ్ళపాటు శాసనసభలో ఆయన లేరు. 2017 నవంబరులో శాసనమండలి చైర్మన్ అయ్యారు, దాదాపు ఏడాదికి మంత్రి అయ్యారు. 2024లో నంద్యాల ప్రజలు మళ్ళీ గెలిపించారు.

ఇందులో 2018 నవంబరు దగ్గర కాస్త ఆగాలి. 2014 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో నాలుగేళ్ళకు పైగా ఒక్క ముస్లిం మంత్రి కూడా లేరు. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం తరఫున ముస్లిం శాసనసభ్యుడెవరూ గెలవలేదన్నది అప్పుడు వినిపించిన సమాధానం. గెలిచిన నలుగురూ వైఎస్సార్ కాంగ్రెస్ వారే. వారిలో మన కదిరి అత్తార్ చాంద్ బాషా గారు, విజయవాడ జలీల్ ఖాన్ గారు తర్వాత అధికార పక్షంలో చేరారు. 2017 ఏప్రిల్‌లో అలా పార్టీ మారి వచ్చిన నలుగురికి మంత్రి పదవులిచ్చారు. ఆ నలుగురిలో వీరిద్దరూ లేరు. చివరికి శాసనమండలి నుండి ఫరూఖ్ గారిని తీసుకున్నారు. అప్పటికి సార్వత్రిక ఎన్నికలు ఐదు నెలల దూరంలో ఉన్నాయి. పదవి ఇచ్చిన వేళ కూడా ఒక సమాచారమే కదా!

మన జిల్లా సంగతి ఇంకా సన్నగిల్లింది. 2009లో హిందూపురం నుండి అబ్దుల్ ఘనీ గారు గెలిచారు. 2014లో ఆ సీటు నందమూరి బాలకృష్ణ గారికి వెళ్ళింది. 2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున పోటీచేసిన మాజీ పోలీసు అధికారి ఇక్బాల్ గారు ఓడిపోయారు. ఉమ్మడి జిల్లాలో పద్నాలుగు స్థానాలుండగా, 2019లోనూ 2024లోనూ మన వాడొక్కడూ సభకు వెళ్ళలేదు. వేరుశనగ ఎండిపోయి బెంగుళూరు బస్సెక్కే కుటుంబానికి తన గోడు వినిపించడానికి నంద్యాల దాకా పోవలసిన పరిస్థితి.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచినది వేరు. 2024లో ఫరూఖ్ గారికి మైనారిటీ సంక్షేమంతోపాటు న్యాయశాఖ కూడా అప్పగించారు. చాలామంది దీన్ని గమనించలేదు. మన పిల్లలకు బి.సి.-ఇ కింద లభిస్తున్న నాలుగు శాతం రిజర్వేషను 2007 నాటి చట్టం. అంతకుముందు 2004లో, 2005లో చేసిన ప్రయత్నాలను హైకోర్టు కొట్టివేసింది. ఈ చట్టం కూడా 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల ఆసరాతో నిలబడి ఉంది. తుది వాదనలు వచ్చిన రోజున వెనుకబాటుతనానికి లెక్కలు అడుగుతారు. 2004లో మనం ఓడినది ప్రధానంగా ఆ లెక్కల దగ్గరే, బి.సి. కమిషన్ విచారణ లేకుండా ఇచ్చిన ఉత్తర్వు నిలవలేదు. కేసు కాగితం న్యాయశాఖలో, పిల్లల సంఖ్య సంక్షేమశాఖలో ఉంటే, ఒకదాని కోసం మరొకదానికి లేఖ రాస్తూ కూర్చుంటారు. ఆ ఆలస్యమేమిటో గుమాస్తాలకు తెలుసు! ఇప్పుడు రెండు శాఖలకూ మంత్రి ఒక్కరే. ఈ అవకాశం ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పగలరు?

అందువల్ల సన్మానపత్రం తీసుకుపోయే ప్రతినిధి వర్గం ఆయన చేతికి ఒక వినతిపత్రం కూడా ఇవ్వాలి. సుప్రీంకోర్టులో రాష్ట్రం తరఫున అనుభవజ్ఞుడైన సీనియర్ న్యాయవాది ఉండాలి. 2007 తర్వాత బి.సి.-ఇ విద్యార్థుల ప్రవేశాలు, ఉద్యోగాలు ఎంతో జిల్లాలవారీగా తాజా వివరాలు సేకరించి సిద్ధంగా పెట్టాలి. ముఖస్తుతి పుటలు తగ్గించి ఈ రెండు కోరికలూ స్పష్టంగా రాయండి.

అనంతపురం, కదిరి, హిందూపురం, గుంతకల్లు కార్యకర్తలు తమ పట్టణాల్లో ఈ కోటా కింద ఇంజనీరింగు, వైద్యం, ఉపాధ్యాయ శిక్షణ చదివిన పిల్లల పేర్లూ సంవత్సరాలూ రాసి, కుల ధ్రువపత్రం నకలుతో సహా తీసుకురండి. ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టి తిరుగుతున్నవారు రసీదు నకలు తెండి. దరఖాస్తులు నేను చదివి సరిచూస్తాను. ఉర్దూలో రాసినా ఫరవాలేదు.