తాపీ పట్టిన సేనాని



గ్రామపు లెక్కలు వ్రాయు నావంటివానికి స్పెయిన్ దేశపు సేనానితో నేమి పని యని మీరు శంకింపవచ్చును. ఊరు దాటని మావంటివారికి దూరదేశములను జూపినది యీ గ్రంథాలయమే. కావున దీని రజతోత్సవమునాడు దూరదేశపు కథయే విన్నవించుచున్నాను.

అరాజకమన్నంతనే మనకు దోపిడియే తలపునకు వచ్చును. కాని కృతయుగమున రాజు లేడనియు, దండము లేదనియు, జనులు ధర్మముచేతనే యొండొరులను గాచుకొనిరనియు శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు జెప్పెను. రాజులేని ధర్మము నేటికిని సాధ్యమేయని నమ్మినవారు స్పెయిన్ అరాజకవాదులు.

వారిలో సిప్రియానో మేరా 1897లో మాడ్రిడ్ నగరమున పేదయింట బుట్టెను. చిన్ననాడే తాపీపనిలో జేరి, క్రమముగా కట్టడపు కూలీల సంఘమునకు నాయకుడయ్యెను. 1936 జూలైలో సైన్యాధికారులు ప్రభుత్వముపై దిరుగబడునాటికి ఆతడు సమ్మె కారణమున చెరసాలలో నుండెను. విడుదలయై, కూలీలనే దళముగా గూర్చుకొని యుద్ధమునకు నడచెను.

ఆ దళములలో ఆజ్ఞకు తలయొగ్గు ఆచారము లేదు. ఏ కార్యమైనను చర్చించియే నిశ్చయించెడివారు. ధైర్యమునకు కొదవలేదు గాని, క్రమము లేమిచే తనవారు వ్యర్థముగా మడియుట మేరా కన్నులార జూచెను. జీవితమంతయు ఆజ్ఞను నిరసించినవాడే కట్టుబాటుగల సేన యవసరమని యొప్పుకొనెను. 1937 మార్చిలో గ్వాదలహారా యుద్ధమున ముస్సోలినీ పంపిన యిటలీసేనలను తరుముటలో ఆతని 14వ డివిజన్ ముఖ్యపాత్ర వహించెను.

1939 మార్చిలో, యుద్ధము నిలుపగోరి కర్నల్ కసాదో తన ప్రభుత్వముపైనే తిరుగబడగా, మేరా ఆతనికి తోడయ్యెను. ఒకే పక్షమువారు తమలో తాము రక్తము చిందించుకొనిరి. అయినను గౌరవప్రదమైన సంధి దొరకలేదు. ఫ్రాంకో షరతులు లేని లొంగుబాటునే కోరెను. లెక్క వ్రాయువాడను గనుక ఈ ఖర్చు పద్దును దాచను.

ఉత్తరాఫ్రికాకు బోయిన మేరా 1942లో ఫ్రాంకోకు అప్పగింపబడెను. మరణశిక్ష పడి, పిదప 30 ఏండ్ల ఖైదుగా మారెను. 1946లో విడుదలయై, మరుసటి యేడు ఫ్రాన్సు చేరెను. వేలమందిని నడిపిన యా చేయి మరల తాపీ పట్టెను. వార్ధక్యము వరకు గోడలు కట్టియే జీవించి, 1975 అక్టోబరులో మరణించెను. ఫ్రాంకో మరుసటి నెలలో పోయెను.

ఓడినవాడు అధికారము విడుచుటలో గొప్పయేమి యందురేమో. విడుచుట గాదు, విడిచిన పిదప పూర్వపు పనిని చిన్నతనముగా దలపకుండుటయే గొప్ప. నా చేత కలమున్నందున ఊరివారు నమస్కరింతురు. ఆ నమస్కారము నాకా, కలమునకా యని యీ కథ చదివిన నాటనుండి నన్ను నేను ప్రశ్నించుకొనుచున్నాను.

అట్టి ప్రశ్నను పుట్టించిన యీ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!