చవుక డిస్కును నమ్మవచ్చునా?

పూర్వము మన పెద్దలు భూమి దస్తావేజులను, దేవాలయపు లెక్కలను, తాళపత్రగ్రంథములను భోషాణములలో భద్రపరచెడివారు. నేడు అవి ఛాయాచిత్రములుగా మారి, కంప్యూటరునకు తగిలించు హార్డు డిస్కు అను చిన్న పెట్టెలోనికి చేరుచున్నవి. పట్టణమందున్న మనుమడు అట్టి పెట్టె నొకదానిని తెచ్చి, "తాతా, మన కాగితములన్నియు నిందున్నవి, చవుకగా దొరకినది" అని చేతికిచ్చును. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

ఆ పెట్టెలో నున్నని బిళ్ళలు నిమిషమునకు 5,400 మారులు గాని 7,200 మారులు గాని తిరుగుచుండును. వ్రాతయంతయు వానిపై అయస్కాంతపు గురుతులుగా నిలుచును. ఆ గురుతులను చదువు ముల్లు బిళ్ళను తాకదు. తలవెండ్రుక మందములో వేయవవంతుకన్న తక్కువ యెడములో తేలుచుండును. తిరుగుచున్న సమయమున పెట్టె క్రిందపడినచో ఆ ముల్లు బిళ్ళను గీకవచ్చును. గీకిన చోటి వ్రాత మరల రాదు.

1956లో ఐ.బి.యం. వారు చేసిన మొదటి డిస్కు యంత్రమున రెండడుగుల వెడల్పుగల బిళ్ళలు 50 ఉండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు అరచేతిలో నిమిడెడు పెట్టెలో లక్ష కోట్ల అక్షరస్థానములు పట్టును. దానినే టెరాబైటందురు. ఇరువది టెరాబైట్ల డిస్కులును అంగళ్లలో కలవు. ఒక్క పెట్టె చెడినచో పోవునది ఎంతయో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

తయారుచేయువారి పత్రములలో "సగటున 10 లక్షల గంటలకు ఒక చెడుపు" అని యుండుట కలదు. సంవత్సరమునకు 8,760 గంటలు గావున, అది 114 ఏండ్లగును. అంతమాత్రమున డిస్కు నూరేండ్లు బ్రతుకునని భ్రమపడరాదు. యువకులు వేయిమందిలో ఏటికొకరు మరణింతురనుకొందము. అందువలన ఒక్కొక్కరు వేయేండ్లు జీవింతురని యెవరైన చెప్పుదురా? అది గుంపును గూర్చిన లెక్క. నూరు డిస్కులలో ఏటికి ఒకటికంటె తక్కువ చెడునని మాత్రమే దాని యర్థము.

2007లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పెద్ద కార్యాలయములలో వాడిన సుమారు లక్ష డిస్కుల లెక్కలు తీసిరి. ఏటా నూటికి రెండు మొదలు నాలుగు వరకు మార్చవలసివచ్చుట సామాన్యముగా నుండెను. కొన్నియెడల 13 వరకు పోయెను. హెచ్చు వెలగల జాతికిని చవుక జాతికిని ఇందు చెప్పదగిన భేదము కానరాలేదు. ఆ యేటనే గూగులు సంస్థవారు లక్షకు మించిన డిస్కులను పరిశీలించిరి. చెడినవానిలో సగమునకు పైగా, నాలుగు ముఖ్య హెచ్చరికలలో ఒక్కటియైనను చూపకయే చెడినవి.

కావున చవుకదనమే దోషమనరాదు; హెచ్చు వెల పెట్టినంత మాత్రమున రక్ష లభింపదు. నమూనాకును నమూనాకును భేదము లేకపోలేదు గాని, అది తేలుటకు కొన్ని యేండ్లు పట్టును. అప్పటికి ఆ నమూనా అంగడిలో నుండకపోవచ్చును. ఇక నమ్మరానంత తక్కువ వెలకు పదునారు టెరాబైట్లని అమ్మువానిలో మోసపు సరకు కలదు. అందు చిన్న జ్ఞాపకపు బిళ్ళ మాత్రమే యుండి, అది నిండిన పిదప చేరినదేదియు నిలువదు.

ఉపాయమొక్కటే: ఒక్క పెట్టెను నమ్మకుడు. నూటికి మూడు డిస్కులు ఏటా చెడుననుకొన్నను, రెండు ప్రతులును ఒకే యేట చెడు సంభవము పదివేలకు తొమ్మిది మాత్రమే. అయితే రెండును ఒకే యింట నున్నచో ఒక అగ్నిప్రమాదము, ఒక పిడుగు, ఒక వరద రెంటిని హరించును. ఒకదానిని పొరుగూరి బంధువుల యింట నుంచుడు. ఆరు మాసములకొకసారి రెంటిని తెరచి చదివి చూడుడు. ఒకటి చెడిన వెంటనే రెండవదాని నుండి మరల ప్రతి తీయుడు; జాగు చేయకుడు. ఇరువది టెరాబైట్లు ప్రతి తీయుటకు ఒక దినమునకు మించి పట్టును; అంతసేపును మీకు మిగిలినది ఒక్క ప్రతియే. అసలు దస్తావేజులను మాత్రము ఎన్నడును పారవేయకుడు.

తాటాకు శిథిలమగునని మన పూర్వులెరుగుదురు. శిథిలము కాకమునుపే మరియొక ప్రతి వ్రాయించిరి గావుననే ఆ గ్రంథములు మనవరకు వచ్చినవి. ఈ క్రొత్త పెట్టెకును ఆ పాత మర్యాదయే శరణ్యము.