శోధనయందు విశ్వాసము
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విశ్వాసమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మేము బోధకులము కాము, బడిపంతులము. శబ్దములును ధాతువులును పిల్లలచే వల్లెవేయించుటలోనే మా యాయుష్షు గడచినది. కావున మా కలవాటైన రీతిని ఒక పదముతోనే ప్రారంభింతుము. తప్పులున్న మన్నింపుడు.

తెలుగు క్రైస్తవులమైన మనము దినదినము పలుకు మాట ‘శోధన’. కష్టము వచ్చిన శోధన వచ్చినదందుము. దుర్బుద్ధి పుట్టినను శోధనలో పడితిమందుము. ఇది ‘శుధ్’ ధాతువునుండి పుట్టిన సంస్కృత శబ్దము. శుద్ధిచేయుట దాని యర్థము. కంసాలి బంగారమును పుటముపెట్టి మాలిన్యమును తీయుట శోధనము. గ్రీకు నూతననిబంధనయందు దీనికి మూలమైన ‘పెయిరాస్మోస్’ అను పదమునకు పరీక్ష యనియు, దుష్ప్రేరణ యనియు రెండర్థములు కలవు. మన పూర్వపు అనువాదకులు రెంటికిని ఒక్క మాటయే వాడిరి. అది మేలే యైనదని మా తలంపు. కష్టమును ప్రలోభమును ఒకే త్రోవను వచ్చును. కడుపు నిండినవానికి రొట్టె చూపువాడుండడు. ఆకలిగొన్నవానియొద్దకే వాడు వచ్చును.

ఇక ‘విశ్వాసము’. ‘శ్వస్’ అనగా ఊపిరి తీయుట. ‘వి’ అను ఉపసర్గ చేరగా, భయము విడిచి నిబ్బరముగా ఊపిరి తీయుట అను భావము కలుగును. దానినుండియే నమ్మకమను అర్థము వచ్చినది. తల్లి భుజముపై నిద్రించు బిడ్డకు గలది విశ్వాసము. ఊపిరి సలుపని కాలమునందు నిబ్బరముగా ఊపిరి తీయుట యెట్లు? ఇదియే నేటి మన విషయము.

యోబును దానియేలును మనకు తెలిసినవారే. అయినను దూరదేశపు కథకంటె మన సీమ కథ మనస్సున లెస్సగా నాటును. తాళ్లకొండపాడు నివాసియైన యెర్రగుంట్ల పేరయ్య మన కులమువాడు. గురువునొద్ద యోగమార్గము నభ్యసించినవాడు. తోళ్ల వర్తకమునకై ఉత్తరపు తావులకు పోవుచుండెడివాడు. ఆ ప్రయాణములలో సువార్త విని, 1866వ సంవత్సరమున భార్య నాగమ్మతోగూడ బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలునందు కాపురము పెట్టిరి. 1867 జనవరిలో తాళ్లకొండపాటి చింతతోపున కొన్నిదినములు బోధ జరిగిన పిమ్మట 28 మంది బాప్తిస్మము పొందిరి.

వారికి విధింపబడిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్న మాటలే. కాని నాటి పల్లె కట్టుబాటు నెఱిగినవారికి వీని బరువు తెలియును. చెప్పులు కుట్టుట, కాడికి వార్లు కోయుట, కపిలబానలకు తోలు తొండములు కట్టుట, జాతరలో డప్పు కొట్టుట మనవారి వంతు. అందుకు కళ్లమువద్ద ధాన్యపు మేరయు, చచ్చిన గొడ్డును వారి హక్కు. కావున ఒక్కొక్క నియమమును పాటించుట ఒక్కొక్క జీవనాధారమును వదలుకొనుటయే.

ఊరు ఊరకుండలేదు. బావులవద్దకు రానీయలేదు. చాకలి బట్టలు ఉతుకరాదనియు, కుమ్మరి కుండలు అమ్మరాదనియు కట్టడి చేసిరి. పశువులను బీడునుండి తోలివేసిరి. చెప్పుల పని యీయరైరి; కోతలకు పిలువరైరి; మేర నిలిచిపోయెను. ఇచ్చట ప్రలోభమెంత స్వల్పముగా కనబడునో చూడుడు. జాతరలో ఒక్క పూట డప్పు కొట్టిన చాలును, ఒక్క ఆదివారము పొలమునకు పోయిన చాలును, ఊరితో సంధి కుదురును. “ఒక్క పూటయే గదా, దేవుడు ఎఱుగడా!” అని యింటిలోని ముసలివారే చెప్పియుందురు. కొందరు లొంగియుందురు, మనుష్యులే గదా. నిలిచినవారు నిలిచిరి. వారు నిలిచినందుననే మనమీ పందిరిక్రింద కూర్చుంటిమి.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. దక్షిణదేశమున లక్షలకొలది జనులు నశించిరి. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి బిచ్చమునకు బదులు కూలి దొరకునట్లు చేసిరి. మన బోధకులే అచ్చట మేస్త్రీలైరి. పగలెల్ల మట్టి మోసి, విశ్రాంతివేళ వాక్యము వినినవారు వేనవేలు. బాప్తిస్మమిండని వారు వేడుకొనుచుండిరి. అయినను ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. గంజికొఱకు వచ్చినవాడెవడో క్రీస్తుకొఱకు వచ్చినవాడెవడో ఆకలివేళ తెలియరాదనియే ఈ నిషేధము.

1878లో సహాయపు పని ముగిసినది. ఇక పంచుటకు ఏమియు లేదని స్పష్టముగా చెప్పి జనులను ఇండ్లకు పొమ్మనిరి. వారు పోలేదు. తమకు సొమ్ము అక్కఱలేదనియు, చేతుల బొబ్బలే తాము కష్టపడువారమనుటకు సాక్ష్యమనియు, మరల పంట పోయి చావవలసివచ్చిన క్రైస్తవులుగానే చత్తుమనియు వారు చెప్పుకొనిరి. అప్పుడు గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద జూలై 2వ తేదీన 614 మందికి, 3వ తేదీన 2,222 మందికి, 4వ తేదీన 700 మందికి, వెరసి మూడు దినములలో 3,536 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ 3వ తేదీన దేశీయ బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, ఏటిలో నిలిచి ఆ కార్యమును నెఱవేర్చిరి.

మన పెద్దలను ‘బియ్యపు క్రైస్తవులు’ అని యెత్తిపొడుచువారు నేటికిని కలరు. వారికి కోపముతో బదులు చెప్పవలదు. తేదీలు చెప్పుడు. బియ్యము పంచినంతకాలము తలుపు మూయబడియుండెను. బియ్యము అయిపోయినపిమ్మటనే అది తెఱవబడెను.

సోదరులారా! అరణ్యమున ప్రభువునకు కలిగిన శోధనలు మూడు. రాళ్లను రొట్టెలుగా చేసికొనుమనుట మొదటిది. దేవాలయ శిఖరమునుండి దూకి మహిమ చూపుమనుట రెండవది. సాగిలపడి మ్రొక్కిన లోకరాజ్యము లిత్తుననుట మూడవది. మొదటిదానిని గూర్చి తుదకు చెప్పుదుము. తక్కిన రెంటిని ముందు చూతము.

శిఖరమునుండి దూకు శోధన నేడు మన పేటలలో మిక్కుటముగా నున్నది. కానుక వేసిన రోగము పోవుననియు, ఉపవాసమున్న ఉద్యోగము వచ్చుననియు పెద్ద పందిళ్లలో చెప్పుచున్నారు. ప్రార్థనయందు మాకు సందేహము లేదు. మందు మాన్పించు ప్రార్థనయందే మాకు భయము. బిడ్డ చనిపోయిన తల్లిని “నీకు విశ్వాసము చాలలేదు” అని చెప్పి పంపువారిని మేము కన్నులార చూచితిమి. దేవుని పరీక్షించినది ఆ బోధకుడు. శిక్ష పడినది ఆ తల్లికి. కాలువగట్టున మట్టి మోసిన మన ముత్తవ్వలకు ఏ అద్భుతమును వాగ్దానము చేయబడలేదు. వారి విశ్వాసము చాలలేదని ఎవరనగలరు?

మూడవది పెత్తనపు శోధన. సంఘపు ఆస్తులకై వ్యాజ్యములు, పదవులకై పక్షములు, ఎన్నికలనాడు పందిరికి వచ్చిన నాయకునికి దండలు. ఇవి ఇతరులను గూర్చిన మాటలని తలంపకుడు. ఈ వేదికపై కుర్చీల వరుసకై నిన్న రాత్రి ఎంత తగవు జరిగినదో మీలో చాలమందికి తెలియును. అందులో మేమును ఒక మాట అంటిమి. అందుకు సిగ్గుపడుచున్నాము.

ఇక మొదటిదానికి వత్తము. నేటి కాలమున రొట్టె కాగితపు రూపమున వచ్చుచున్నది.

1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు మూడవ పేరా ననుసరించి హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కులపు హోదా లభించెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను. క్రైస్తవులకు లభింపలేదు. మన తెలుగు రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేర్పబడిరి. వారి భాగము నూటికి ఒకటి. మతమునుబట్టి ఈ భేదము కూడదనియు, ఆ మూడవ పేరాను తొలగింపవలెననియు రంగనాథ మిశ్రా సంఘము 2007లో సిఫారసు చేసెను.

మతము మారినంతమాత్రమున అంటరానితనము మారినదా? 1867లో మనవారికి బావి మూసిరి. 1985 జూలైలో కారంచేడునందు మంచినీటి చెఱువువద్ద మొదలైన తగవు మనవారి ప్రాణములు తీయుటతో ముగిసెను. కఱ్ఱ యెత్తినవాడు ఎవని మతమేదని అడుగలేదు. ఊరు ఒకే కన్నుతో చూచుచుండగా చట్టము రెండు కన్నులతో చూచుట న్యాయము కాదు. ఇది మా నిశ్చితాభిప్రాయము.

అన్యాయమైన చట్టమువలన మన యిండ్లలో పుట్టిన శోధన మీ రెఱుగనిది కాదు. ఆదివారమున ఒక పేరు, కచేరీలో ఒక పేరు. మెడలో సిలువ, అర్జీ వ్రాయునాడు పెట్టెలో సిలువ. ప్రవేశ పుస్తకముపై కలము పట్టి కూర్చున్న మమ్ము తండ్రులు ఎన్నిమారులో అడిగిరి: “మేష్టారూ, మతము గడిలో ఏమి వ్రాయమందురు?” మేము సత్యము చెప్పుమనుచుంటిమి. పరుల పిల్లల విషయమున అట్లు చెప్పుట సులభము.

తుదకు మా యింటికే ఆ వంతు వచ్చెను. మా కుమారునికి వృత్తివిద్యా కళాశాలలో ప్రవేశమునకు కొద్ది మార్కులు కొఱవడెను. ఒక్క గడిలో ఒక్క మాట మార్చి వ్రాసిన చోటు దొరకును. బంధువులు చెప్పిరి, హితులు చెప్పిరి. “దేవుడు హృదయమును చూచును గాని దరఖాస్తును చూడడు” అని ఒకరనిరి. ఆ మాట మాకు మిక్కిలి మధురముగా తోచెను. మూడు రాత్రులు కలము మూతతీయుటయు, మరల పెట్టుటయు జరిగెను. నాలుగవనాడు ఉన్నది ఉన్నట్లు వ్రాసితిమి. చోటు దొరకలేదు. మా కుమారుడు ఏడాదికాలము మాతో మాటలాడలేదు. ఆతని తల్లి మాటలాడెను గాని, ఆమె మాటలు విను ధైర్యము మాకు లేకపోయెను.

నేడతడు విద్యుత్ పనిముట్లు బాగుచేయు అంగడి నడుపుకొనుచున్నాడు. సుఖముగనే యున్నాడు. కాని అతడు కోరిన బ్రతుకు అది కాదు. సత్యము చెప్పినవానికి దేవుడు రెట్టింపు ఇచ్చునని మేము మీతో చెప్పజాలము, మాకట్లు జరుగలేదు. మాకు దక్కినది ఒక్కటే. మా కుమారుడు ఈనాటికిని మా మాటను శంకింపడు. గత సంవత్సరము అతని కుమార్తెను బడిలో చేర్చునప్పుడు ఆ గడి మరల వచ్చెను. అతడు మమ్ము అడుగకయే ‘క్రైస్తవ’ అని వ్రాసి, మా వంక చూచి ఊరకుండెను. అప్పుడు మేము ‘విశ్వాస’ శబ్దమునకు చాలకాలముగా పిల్లలకు చెప్పుచుండిన యర్థము, ఊపిరి తీయుట యనునది, మాకై మేము తెలిసికొంటిమి.

వేఱొక రీతిగా వ్రాసినవారిని మేము నిందింపము. పస్తున్న యింటిలో కలము పట్టినవాని భయము పస్తున్నవానికే తెలియును. వానిని దొంగ యనువారు, అటువంటి పరీక్ష పెట్టిన చట్టమును ఏమందురు? అయినను తప్పును ఒప్పని చెప్పుటయు మాకు చేతకాదు. అబద్ధముచే దొరకిన చోటు అబద్ధమునే కావలికి పెట్టుకొనును. ఆ బిడ్డ జీవితాంతము ఎవరో వచ్చి తలుపు తట్టుదురని భయపడుచుండును. తాను ఎవరి వంశమువాడో పదిమందిలో చెప్పజాలడు. గుండ్లకమ్మలో దిగిన ముత్తాత పేరు పలుకుటకు జంకును. ఇది పెద్ద నష్టము కాదా?

కావున సంఘమునకు మా విన్నపములు మూడు. మొదటిది: అన్యాయమును మార్చుమని బహిరంగముగా, మన పేరుతో, మన సంతకములతో అడుగుదము. చాటున గడి మార్చుకొనుటవలన ఒక్క యిల్లు బాగుపడవచ్చును. చట్టము మాత్రము అట్లే యుండును. రెండవది: సత్యము వ్రాసి చోటు పోగొట్టుకొనిన పిల్లలకొఱకు ఒక విద్యానిధి నేర్పఱుతము. మన స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల గుప్పెడు బియ్యము దేవుని పేర తీసియుంచు ఆచారము కలదు. ఆ గుప్పెళ్లతో ఎన్నో గుడులు లేచినవి. అదే గుప్పెళ్లతో ఏటేట నలుగురు పిల్లల చదువు నిలుపలేమా? సత్యము చెప్పుమని బోధించి, చెప్పినవానిని ఒంటరిగా విడుచుట బోధకులకు తగదు. మూడవది: పడినవానిని లేవనెత్తుదము. పేతురు కోడికూయకమునుపు ముమ్మారు బొంకెను. ప్రభువు అతనిని త్రోసివేయలేదు, మందను అప్పగించెను.

సోదరసోదరీమణులారా! పుటములోని బంగారమునకు తాను కాలుచున్నట్లు తెలియును గాని, తాను శుద్ధమగుచున్నట్లు తెలియదు. కంసాలి కన్ను దానిమీద ఉన్నదని నమ్ముటయే దాని పని. మన పెద్దలు మూసిన బావులవద్ద, ఎండిన పొలములలో, కాలువగట్టున అట్లు నమ్మిరి. మన చేతిలో నేడు పారకు బదులు కలమున్నది. ఆ చేతిని దేవుడు స్థిరపఱచుగాక.