యుద్ధకాలంలో పౌరుని హక్కు



దేశం యుద్ధంలో ఉన్నప్పుడు హక్కుల ప్రస్తావన చాలామందికి రుచించదు. ముందు దేశం నిలవాలి, హక్కుల సంగతి తరువాత చూద్దామంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. శత్రువు సరిహద్దు దాటినప్పుడు ప్రభుత్వానికి అసాధారణ అధికారాలు అవసరమే. మన రాజ్యాంగమూ వాటిని ఇచ్చింది. అయితే ఆ అధికారాన్ని ఎవరిపై, ఏ ఆధారంతో, ఎంతకాలం ప్రయోగిస్తారన్నదే మా ప్రశ్న. మనిషిని అతడు చేసిన పనిని బట్టి అనుమానించడం వేరు, పుట్టుకను బట్టి అనుమానించడం వేరు. ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతే ఏం జరుగుతుందో చరిత్ర చెబుతోంది.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశారు. దాని ఆధారంగా పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ల నుంచి తరలించి ముళ్లకంచెల శిబిరాల్లో ఉంచారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులు. వారిపై వ్యక్తిగతంగా ఆరోపణ లేదు, విచారణ లేదు. అప్పుడు అమెరికా జర్మనీతోనూ, ఇటలీతోనూ యుద్ధంలో ఉంది. కాని ఆ సంతతికి చెందిన పౌరులను ఇలా మూకుమ్మడిగా తరలించలేదు.

ఆ ఉత్తర్వును ధిక్కరించిన యువకుడు ఫ్రెడ్ కోరెమాట్సు సుప్రీంకోర్టు వరకు వెళ్లాడు. 1944 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షాన తీర్పునిచ్చారు, ముగ్గురు విభేదించారు. సైన్యం అవసరమన్నది గనుక అవసరమేనని మెజారిటీ నమ్మింది. ఆ ఆరోపణలను ప్రభుత్వం వద్దనే ఉన్న నివేదికలు ఖండిస్తున్నాయని, వాటిని కోర్టుకు తెలియనివ్వలేదని దశాబ్దాల తరువాత బయటపడింది. 1983లో కింది కోర్టు ఆయనపై శిక్షను రద్దు చేసింది. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు చెల్లించేందుకు చట్టం చేసింది. అప్పటికి చాలామంది కన్నుమూశారు.

ఇక్కడ మనం మరువరాని విషయం ఒకటుంది. తల్లిదండ్రులు శిబిరాల్లో ఉండగా, జపాన్ సంతతి యువకులతో ఏర్పడిన 442వ రెజిమెంటు ఐరోపాలో అమెరికా జెండా కింద పోరాడి ప్రాణాలర్పించింది. ఆ త్యాగం వారి తల్లిదండ్రులకు శిబిరం తలుపులు తెరవలేదు. 1965 యుద్ధంలో అమరుడై పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ మనకు గర్వకారణం. కాని మన పౌరసత్వం ఆయన పతకంపై ఆధారపడి లేదు. హక్కు త్యాగానికి ఇచ్చే బహుమానం కాదు. పౌరుడైనందుకే అది మనది.

మన దేశమూ ఈ పరీక్షను ఎదుర్కొంది. 1962 అక్టోబరు 26న, చైనాతో యుద్ధ సందర్భంలో, తొలిసారి అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని, పిల్లలతో, వృద్ధులతో సహా, రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. బ్రిటిష్ పాలకులు జయప్రకాశ్ నారాయణ్‌ను నిర్బంధించినదీ ఆ దేవలీలోనే. యుద్ధం నవంబరులోనే ఆగింది. అత్యవసర పరిస్థితి మాత్రం 1968 జనవరి వరకు కొనసాగింది.

ఆ కాలంలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టవచ్చా అన్న ప్రశ్న 1963లో మఖన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ప్రాథమిక హక్కుల ఆధారంగా వెళ్లే దారిని రాష్ట్రపతి ఉత్తర్వు మూసివేసిందని మెజారిటీ చెప్పింది. మన రాజమహేంద్రవరంలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించారు. నేరవిచారణ స్మృతి కింద హైకోర్టును ఆశ్రయించే దారి ఇంకా తెరిచే ఉందన్నది ఆయన అభిప్రాయం.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం సందర్భంగా రెండోసారి అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. డిసెంబరు 16న యుద్ధం ముగిసినా ఆ ప్రకటనను 1977 మార్చి వరకు ఉపసంహరించలేదు. 1975లో దానిపైనే మరొకటి వచ్చి చేరింది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు, నిర్బంధం అక్రమమైనా కోర్టుకు వెళ్లే హక్కు లేదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించి, ప్రధాన న్యాయమూర్తి పదవిని కోల్పోయారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు స్పష్టంగా కొట్టివేసింది 2017లో.

ఈ అనుభవం నుంచే 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. నేడు ఎటువంటి అత్యవసర పరిస్థితిలోనూ 20, 21 అధికరణల అమలును నిలిపివేయడానికి వీల్లేదు. ఇది మనకు పెద్ద రక్షణ. కాని కాగితంపై ఉన్న రక్షణ అడిగేవారుంటేనే పనిచేస్తుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు, కొన్ని ముస్లిం మెజారిటీ దేశాల పౌరుల రాకపై ఆంక్షలను సమర్థించిన తీర్పులోనే, కోరెమాట్సు తీర్పు తప్పని ప్రకటించింది. పాత అన్యాయాన్ని ఖండించడం సులువు. కళ్లెదుట ఉన్నదాన్ని గుర్తించడమే కష్టం.

కనుక మేము కోరేది ఇంతే. ముందస్తు నిర్బంధంలోనూ కారణాలు తెలియజేయాలని, విన్నపం చేసుకునే అవకాశం ఇవ్వాలని 22వ అధికరణం చెబుతోంది. ఆ కారణాలను లిఖితపూర్వకంగా అడగండి. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం చట్టబద్ధమైన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. ప్రతి ఊరిలో ఇద్దరు ముగ్గురు న్యాయవాదుల ఫోన్ నంబర్లు మస్జిద్ కమిటీల దగ్గర ఉండాలి.

చివరిగా ఒక మాట. దేవలీకి తరలిపోయిన చైనా సంతతివారు మనవారు కాదనుకుంటే, ఈ ప్రసంగమంతా వ్యర్థం. అనుమానం నేడు మనపై పడినా, రేపు పొరుగువారిపై పడినా, మన ప్రశ్న ఒక్కటే కావాలి: అతడు ఎవరు అని కాదు, అతడు ఏం చేశాడు?